ఆ ఒక్క ముక్క!

సెకనును వంద ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క ఎంతుంటుంది? కనురెప్ప వాల్చి తెరిచేలోపు అలాంటివి పదికి పైనే జారిపోతాయి. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజికి 2024 పారిస్ ఒలింపిక్స్ గుమ్మం దగ్గర అడ్డుపడింది ఆ ఒక్క ముక్కే.

మహిళల వంద మీటర్ల హర్డిల్స్‌లో నేరుగా అర్హత కావాలంటే పరుగు 12.77 సెకన్లలో ముగించాలి. గడువు 2023 జులై 1 నుంచి 2024 జూన్ 30 దాకా. సెక్యూరిటీ గార్డు కూతురైన జ్యోతి 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో, ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో పరిగెత్తింది. కాంస్యం వచ్చింది, జాతీయ రికార్డూ వచ్చింది. టైమింగ్ మాత్రం 12.78! 2024 మేలో ఫిన్లాండ్‌లో మళ్లీ అదే 12.78.

పోనీ, గడియారాన్ని గెలిస్తే చాలా అంటే అదీ కాదు. వెనుక నుంచి వీచే గాలి సెకనుకు రెండు మీటర్లు మించితే ఆ టైమింగ్ అర్హతకూ రికార్డుకూ పనికిరాదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో జ్యోతి 13.09 సెకన్లలో పరిగెత్తినప్పుడు గాలి వేగం 2.1. అంతే, చేతికందిన జాతీయ రికార్డు చేజారింది.

మరి పారిస్ ఎలా వెళ్లింది? రెండో దారి ఉంది... ప్రపంచ ర్యాంకింగ్స్. ఈ విభాగంలో మొత్తం 40 మందికి చోటు. ఒక్కో దేశం నుంచి ముగ్గురికి మించి వీల్లేదు. టైమింగ్ సాధించినవాళ్లు పోగా మిగిలిన స్థానాలను ర్యాంకులతో నింపుతారు. ప్రతి పరుగుకీ టైమింగ్‌ను బట్టి పాయింట్లుంటాయి. పెద్ద పోటీలో ఏ స్థానం వచ్చిందన్నదానికి మరికొన్ని కలుస్తాయి. అలాంటి ఐదు మంచి పరుగుల సగటే ర్యాంకుకు ఆధారం. ఆ గడువులోనే ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జ్యోతికి ఆ దారి తెరుచుకుంది. ఒలింపిక్స్‌లో ఈ పరుగుకు దిగిన తొలి భారత మహిళ తనే. పారిస్‌లో సెమీస్ చేరలేకపోయింది, నిజమే. కానీ ఆ గీత దగ్గర నిలబడింది కదా!

ఈ కథంతా మా అక్క కొడుక్కి చెప్పాను. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో కొద్ది ర్యాంకుల తేడాతో కోరుకున్న సీటు పోయి, రెండ్రోజులు సరిగా అన్నం కూడా తినలేదు వాడు. ఊరడిద్దామని నా ఆశ. అంతా విని, ‘పిన్నీ, ఆమెకు ఐదు పరుగులు లెక్కలోకి తీసుకున్నారు. నాకు ఒక్క పరీక్షే కదా’ అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. వాడన్నదాంట్లో తప్పేముంది? మూడు గంటల పరీక్షకు పిల్లల రెండేళ్ల చదువునీ అప్పగించేస్తాం. ఆరోజు జ్వరం వచ్చినా, కళ్లు తిరిగినా ఆ ర్యాంకే ఖాయం. అంగుళాలూ క్షణాలూ కొలిచే ఆటలోనే, ఒక్కరోజుతో మనిషిని తేల్చేయకూడదని ఇంకో దారి పెట్టుకున్నారు. ఇళ్లల్లో మనమెందుకు పెట్టుకోం? ర్యాంకు వచ్చిన సాయంత్రం కాకుండా, ఆ రెండేళ్లలో వాడు తెల్లవారుజామున లేచి చదివిన రోజులను ఎవరం లెక్కపెట్టాం?

వాడు వేరే కాలేజీలో చేరాడు. మొన్న ఫోన్ చేశాడు... ‘పిన్నీ, ఇక్కడ ఎనిమిది సెమిస్టర్లూ కలిపి చూస్తారట’ అన్నాడు. గొంతులో కాస్త హుషారు వినపడింది.