మార్చి దరఖాస్తుకు దసరా నుంచే సన్నాహం

నేను జగ్గయ్యపేటలో ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాను. ఆ పని అయ్యాక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాస్తాను, ఇతరులు పంపిన కోడ్ చూసి పెడతాను. ఆదివారాలు ఊళ్లోని ఇంజినీరింగ్ పిల్లలతోపాటు నందిగామ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ నా దగ్గర కూర్చుంటారు. ఫిబ్రవరి వస్తే చాలు, అందరిదీ ఒకటే మాట: "అన్నయ్యా, పోయినేడు సెలెక్టయిన ప్రపోజల్ ఏదన్నా ఉంటే పంపుతారా?"

వాళ్లు అడిగేది గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కోసం. కొత్తవాళ్లు ఓపెన్ సోర్స్ సంస్థలకు కోడ్ రాస్తూ నేర్చుకునే ఈ కార్యక్రమం 2005లో మొదలైంది. సాధారణంగా ఫిబ్రవరిలో, పాల్గొనే సంస్థల జాబితా వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో దరఖాస్తులు, ఏప్రిల్ చివర్లోనో మేలోనో ఫలితాలు. ఒకరు మూడు ప్రపోజల్స్ దాకా పంపొచ్చు. 2022 నుంచి విద్యార్థులే అయి ఉండాలన్న నియమం పోయింది. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లయితే చాలు. ఎంపికైతే మెంటర్ దగ్గరుండి నేర్పుతారు, పని నెగ్గితే స్టైపెండ్ వస్తుంది.

ప్రపోజల్ రాయడం ఈ సన్నాహంలో చివరి పని. దసరా సెలవుల్లోనే ఒక ప్రాజెక్టు ఎంచుకుని, దాన్ని మీ లాప్‌టాప్‌లో బిల్డ్ చేయండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద పెద్ద రిపాజిటరీ మొత్తం దించనక్కర్లేదు. గిట్ క్లోన్‌కు డెప్త్ ఒకటి అని ఇస్తే పాత చరిత్ర వదిలేసి తాజా కోడ్ ఒక్కటే వస్తుంది. సంక్రాంతిలోపు ఒక చిన్న బగ్ సరిచేసి పంపండి. రివ్యూలో మార్పులు చెబితే చేసి మళ్లీ పంపండి. మార్చిలో మీ ప్రపోజల్ తెరిచే మెంటర్‌కు అప్పటికే మీ పనితీరు తెలిసి ఉంటుంది. కోడ్ చూసేవాడిగా చెబుతున్నాను, ఆ పరిచయానికి ఉన్న విలువ ఎంత అందమైన ప్రపోజల్‌కూ రాదు.

ఏ బగ్ పట్టుకోవాలని అడిగేవాళ్లతో ముందు పైథాన్‌లో "జగ్గయ్యపేట" పొడవు ఎంతో అడిగిస్తాను. మనం చదివే అక్షరాలు 5. పైథాన్ 10 అంటుంది. యూనికోడ్‌లో గ, పొల్లు, మళ్లీ గ, మూడూ కలిస్తేనే "గ్గ" అవుతుంది. "పే"లో ప ఒకటి, ఏత్వం ఒకటి. మొదటి మూడు యూనికోడ్ గుర్తులు తీసుకోమంటే "జగ్" దగ్గర తెగిపోతుంది. తెలుగు పేర్లను ఇలా మధ్యలో కోసే ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. తెలుగు రానివాళ్లకు అది తప్పని కూడా తెలియదు. లిబ్రేఆఫీస్, వికీమీడియా లాంటి సంస్థలు ఈ కార్యక్రమంలో ఏళ్లుగా పాల్గొంటున్నాయి. వాటి సాఫ్ట్‌వేర్‌లో మన లిపి ఎక్కడ చెడుతుందో చెప్పగలిగినవాళ్లు మన పిల్లలే.

ప్రపోజల్‌లో ఏ వారం ఏం చేస్తారో రాయండి. 350 గంటల ప్రాజెక్టు 12 వారాల్లో అవ్వాలంటే వారానికి దాదాపు 30 గంటలు కూర్చోవాలి. మధ్యలో సెమిస్టర్ పరీక్షలుంటే దాచకుండా చెప్పండి. ఏఐతో రాయించి పంపకండి. మెంటర్ అడిగే మొదటి ప్రశ్నకే జవాబు చెప్పలేకపోతారు.

ఈ కార్యక్రమం తొలి పదేళ్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ఎంపికైంది శ్రీలంకలోని మొరటువ విశ్వవిద్యాలయం నుంచి. కాలేజీ పేరు, నగరం పేరు ఇక్కడ అడ్డురావనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఎంపిక కాకపోయినా మీరు సరిచేసిన కోడ్ ఆ ప్రాజెక్టులో మీ పేరుతోనే ఉంటుంది. మార్చి దాకా ఆగకండి, ఈ ఆదివారమే ఒక ప్రాజెక్టు తెరవండి.