వాల్వు మీద మసి, కిలోమీటరుకు ఇరవై పైసలు

పెట్రోలు కారు కొనబోయేవాళ్లు మైలేజీ ఎంతని అడుగుతారు, సన్‌రూఫ్ ఉందా అని అడుగుతారు, ఈఎంఐ ఎంత పడుతుందో అడుగుతారు. నేనైతే ముందుగా ఒకటి అడగమంటాను: ఇంజన్లో పెట్రోలు ఎక్కడ పడుతుంది? ఇన్‌లెట్ వాల్వు మీద పడి లోపలికి వెళ్తుందా, వాల్వును తాకకుండా నేరుగా సిలిండర్లోకి పోతుందా? నాలుగైదేళ్ల తర్వాత మన జేబులోంచి ఓ పెద్ద మొత్తం పోతుందా లేదా అన్నది చాలావరకు ఈ జవాబులోనే ఉంది.

పాత పద్ధతిలో, అంటే పోర్టు ఇంజెక్షన్లో, పెట్రోలు తుంపరలు ఇన్‌లెట్ వాల్వు వెనక భాగం మీద పడతాయి. పెట్రోలు మంచి క్లీనర్ కాబట్టి వాల్వు ఎప్పటికప్పుడు కడిగినట్టే ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్లో ఆ కడుగుడు లేదు. వాల్వు మీదుగా గాలి ఒక్కటే వెళ్తుంది. ఆ గాలిలో ఇంజన్ లోపలి నుంచి బ్రీదర్ గొట్టం ద్వారా తిరిగి వచ్చే ఆయిల్ ఆవిరి కూడా కలిసి ఉంటుంది. వేడి వాల్వు మీద ఆ ఆయిల్ పేరుకుని, గారెలు వేసీ వేసీ మూకుడు అంచున నూనె మాడి గట్టిపడినట్టు, నల్లగా గడ్డకడుతుంది. పొర మందమయ్యే కొద్దీ గాలి దారి ఇరుకవుతుంది, వాల్వు సరిగ్గా మూసుకోదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండి వణుకుతుంది, పికప్ తగ్గుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది.

ఈ రకం ఇంజన్ కొత్తదేమీ కాదు. 1954లోనే మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌లో పెట్రోలును నేరుగా సిలిండర్లోకి కొట్టారు. 1996లో జపాన్లో మిత్సుబిషి గ్యాలంట్‌తో ఇది మామూలు జనం కార్లలోకి వచ్చింది. మన దేశంలో 2013లో పోలో జీటీ టీఎస్‌ఐ, ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్, 2017లో బలేనో ఆర్‌ఎస్, 2019లో వెన్యూ, సెల్టోస్ టర్బోలు, 2020లో పెట్రోలు థార్, 2023లో ఫ్రాంక్స్ టర్బో వచ్చాయి. టర్బో అని రాసి ఉన్న ప్రతి కారూ ఈ రకం కాదు. నెక్సాన్ 1.2 టర్బో పెట్రోలు పోర్టు ఇంజెక్షన్‌దే. అందుకే బానెట్ మీద పేరు చూసి ఊరుకోకుండా, కాగితాల్లో ఇంజెక్షన్ ఏ రకమో చూడమనేది.

ఇన్ని చిన్న టర్బోలు మన రోడ్ల మీదికి రావడానికి పన్ను కూడా కారణం. పొడవు నాలుగు మీటర్లు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ మించని కార్లకు మన దగ్గర ఎప్పటినుంచో పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికి జీఎస్టీ 18 శాతం, అంతకన్నా పెద్దవాటికి 40 శాతం. చిన్న ఇంజన్తో పెద్ద ఇంజన్ బలం రావాలంటే టర్బో పెట్టి గాలిని కుక్కాలి. కుక్కిన గాలి వేడెక్కి పెట్రోలు వేళకు ముందే అంటుకోకుండా ఉండాలంటే, సిలిండర్ లోపలే చల్లడం మంచి ఉపాయం. అక్కడ ఆవిరవుతూ అది గాలిని చల్లబరుస్తుంది. ఇంజనీర్లు చేసింది మంచి పనే. కాకపోతే కొనేటప్పుడు పన్నులో మిగిలిన డబ్బులో కొంత, తర్వాత మెకానిక్‌కు ఇవ్వాల్సి వస్తుంది. ఆ కొంత ఎంతో ముందే లెక్క వేసుకున్నవాడికి ఇందులో నష్టం లేదు.

మాది పెద్దాపురం. బడిలో లెక్కలు చెబుతాను. జీతం తప్ప వేరే రాబడి లేదు. రాజమండ్రిలో ఒకాయన దగ్గర చిన్న టర్బో పెట్రోలు కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి 40,000 కిలోమీటర్లు తిరిగింది. డైరెక్ట్ ఇంజెక్షన్ అని తెలిసే కొన్నాను. కుటుంబమంతా ఎక్కి విశాఖపట్నం వెళ్లాలంటే ఆ బలం కావాలనిపించింది, ధర కూడా అందుబాటులో ఉంది. కొన్న నెల నుంచే బ్యాంకులో విడిగా ఒక ఖాతా పెట్టి, తిరిగిన ప్రతి కిలోమీటరుకు రూపాయిన్నర చొప్పున అందులో వేస్తున్నాను.

ఈ రూపాయిన్నర ఎలా వచ్చిందో చెబితే మీ కారుకు మీరు లెక్క వేసుకోవచ్చు. ఆయిల్ సర్వీసుకు 10,000 కిలోమీటర్లకు సుమారు 6,500 అవుతుంది, అంటే కిలోమీటరుకు 65 పైసలు. నాలుగు టైర్లు 22,000, అవి 40,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే 55 పైసలు. బ్యాటరీకి 11 పైసలు. వాల్వులు శుభ్రం చేయించడానికి 12,000 అనుకుని, 60,000 కిలోమీటర్లకు ఒకసారి అని పెట్టుకుంటే 20 పైసలు. నేను నెలకు ఇంచుమించు 1,000 కిలోమీటర్లు తిరుగుతాను కాబట్టి నెలకు 1,500 ఆ ఖాతాలోకి పోతుంది. పెట్రోలు, ఇన్సూరెన్సు ఇందులో లేవు.

ఇన్సూరెన్సు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వాల్వుల మీద మసికి ఏ మోటారు పాలసీ డబ్బులివ్వదు. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ పాలసీ బయటి సంగతులు. అదనంగా కట్టే ఇంజన్ ప్రొటెక్ట్ కవరు వరదనీళ్లు ఇంజన్లోకి పోవడం లాంటి వాటికి. వానాకాలం ఏలేరు పొంగే మా ప్రాంతంలో అది తీసుకోవడం మంచిదే. ఈ మసికి మాత్రం మన సొంత ఖాతానే దిక్కు.

మా నాన్నగారి తరానికి ఈ పని కొత్త కాదు. టూ స్ట్రోక్ చేతక్ స్కూటర్లలో పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసేవారు. ఆ ఆయిల్ మాడి పిస్టన్ నెత్తి మీద, ఎగ్జాస్ట్ దారిలో, సైలెన్సర్లో పేరుకునేది. మెకానిక్ హెడ్ విప్పి గీకేవాడు, సైలెన్సర్ను మంటలో కాల్చి దులిపేవాడు. స్కూటర్ ఉన్న ప్రతి ఇంటికీ కార్బన్ తీయించడం తెలిసిన ఖర్చే. ఫోర్ స్ట్రోక్ బళ్లు వచ్చాక ఒక తరం ఆ ఖర్చును మరిచిపోయింది. ఇప్పుడది కార్ల దగ్గర తిరిగొచ్చింది, మొత్తం పెద్దదయ్యింది.

నా కారు 70,000 దాటాక పొద్దున పూట వణకడం మొదలుపెట్టింది. అది ఊహించిన సంగతే, ఎందుకంటే నా తిరుగుడులో ఎక్కువ భాగం చిన్న దూరాలు: ఇంటి నుంచి బడికి, పెద్దాపురం నుంచి సామర్లకోట స్టేషనుకు, మధ్యలో సంతకు. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తాం. ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతర నెలంతా ఊళ్లో బండి నత్తనడకే. మసికి ఇంతకన్నా అనుకూలమైన వాడకం లేదు. సలహాలు నాలుగు దిక్కుల నుంచీ వచ్చాయి. ప్రతి సలహాకూ ఒక ధర ఉంది.

ఒకరు ట్యాంకులో పోసే క్లీనర్ సీసా ఇచ్చారు. ఇంకొకరు లీటరుకు ఎక్కువ పెట్టి 95 ఆక్టేన్ పెట్రోలు కొట్టించమన్నారు. ఈ రెండూ ఇంజెక్టర్లకు ఉపయోగపడొచ్చు. కానీ ట్యాంకులో పోసింది ఏదైనా వెళ్లేది నేరుగా సిలిండర్లోకి. వాల్వు వెనక భాగాన్ని అది తాకనే తాకదు. తాకని మందు ఎలా కడుగుతుంది? సీసా కొనలేదు. హైవే ఎక్కి గట్టిగా తోలితే మసి కాలిపోతుందన్న మాట కూడా విన్నాను. గడ్డకట్టిన పొర దానికి లొంగదు. హైడ్రోజన్ వాయువు పంపి కార్బన్ తీస్తామన్న మిషన్ల దగ్గరికీ వెళ్లి చూశాను. మాడిన పొరను అది ఊడదీస్తుందన్న నమ్మకం నాకు కుదరలేదు. ఒక సర్వీస్ సెంటరులో గాలి దారిలోకి కెమికల్ స్ప్రే కొట్టే ప్యాకేజీకి 3,800 చెప్పారు. పలచటి పొర అయితే స్ప్రే కొంత పనిచేస్తుంది. మందమైన పొర అయితే పెళ్లలు ఊడి సిలిండర్ గుండా టర్బో రెక్కల మీదికి పోయే ప్రమాదం ఉంది. పొర ఎంత మందం ఉందో చూడకుండా 3,800 కట్టడం నాకు నచ్చలేదు.

నేను డబ్బు పెట్టింది ముందు చూడ్డానికి. కాకినాడలో ఒక గ్యారేజీ ఉంది, అక్కడి మేస్త్రి నాకన్నా పెద్దాయన. స్కానర్ పెడితే రెండో సిలిండర్లో మిస్‌ఫైర్ అని వచ్చింది. ఆయన ఏమీ కొనిపించకుండా రెండో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చారు. లోపం కాయిల్‌ది అయితే మిస్‌ఫైర్ కూడా దానితో పాటు మూడో సిలిండర్‌కు మారాలి. మారలేదు. ప్లగ్గులూ బాగున్నాయి. అప్పుడు మ్యానిఫోల్డ్ మీద సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి సన్నటి కెమెరా దింపారు. ఫోన్ తెరమీద వాల్వు కాడ చుట్టూ తారు ముద్దలా కనిపించింది. దీనికి ఆయన తీసుకున్నది 800.

“చూడకుండా స్ప్రే కొట్టమంటే కొడతానండి మాస్టారూ, డబ్బులూ తీసుకుంటాను. కానీ రేపు బండి మళ్లీ నా దగ్గరికే వస్తుంది కదండీ,” అన్నారాయన. ఆ 800 నేను ఈ కారు మీద పెట్టిన ఖర్చులన్నిటిలోకీ విలువైనదని ఇప్పటికీ అనుకుంటాను. దేనికి డబ్బు పెట్టక్కర్లేదో అది చెప్పింది.

గట్టి పొర తీయడానికి నమ్మదగిన దారులు రెండు. ఒకటి, మ్యానిఫోల్డ్ విప్పి, అక్రోట్ పెంకుల రవ్వను కంప్రెసర్ గాలితో వాల్వు మీద కొట్టి, అదే సమయంలో వాక్యూంతో లాగేయడం. బీఎండబ్ల్యూ సర్వీసులో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. పెంకు మసిని కొడుతుంది గానీ లోహాన్ని గీకదు, ఒకటీ అరా రవ్వ లోపల మిగిలినా కాలిపోతుంది. రెండోది, అదే విధంగా విప్పి, కెమికల్ పోసి నానబెట్టి, నైలాన్ బ్రష్షుతో చేత్తో తోమడం. ఎలా చేసినా, ఇంజన్ను చేత్తో తిప్పుతూ ఆ సిలిండర్ వాల్వులు పూర్తిగా మూసుకున్నప్పుడే పని చేయాలి. తెరిచి ఉంటే పెళ్లలన్నీ లోపలికి పడతాయి.

అక్రోట్ పెంకుతో కొట్టే మిషన్ ఉన్న చోటు నాకు దొరికింది విశాఖపట్నంలో. 16,000, పెట్రోలు, ఒక రోజు సెలవు. కాకినాడ మేస్త్రి చేత్తో చేయడానికి గ్యాస్కెట్లతో కలిపి 11,000 అన్నారు. మూడు సిలిండర్లు, ఆరు ఇన్‌లెట్ వాల్వులు. పనిలో ఉన్న కుర్రాడు, కోనసీమలో కొబ్బరి చిప్పల పొడి బస్తాల్లో దొరుకుతుంది కదా, అది కొట్టకూడదా అన్నాడు. ఆలోచన మంచిదే. కొబ్బరి చిప్పల రవ్వను కూడా మెత్తటి రాపిడి సరుకుగా వాడతారు. అయితే దోమల కాయిల్స్‌లో కలిపే మెత్తటి పొడి దీనికి పనికిరాదు. రవ్వ ఒకే సైజులో ఉండాలి, లాగేసే వాక్యూం ఉండాలి. ఎవరైనా మన దగ్గర ఆ ఏర్పాటు పెడితే నేను సంతోషిస్తాను. నేను చేత్తో తోమే పనికే ఒప్పుకున్నాను. ఒక పగలంతా పట్టింది. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే వణుకు లేదు.

ఇప్పుడు లెక్క. మైలేజీ 12 నుంచి 13కు వచ్చింది. లీటరు 110 అనుకుంటే, నెలకు 1,000 కిలోమీటర్లకు పాత ఖర్చు 9,167, కొత్త ఖర్చు 8,462. నెలకు మిగిలేది 705. ఆ లెక్కన 11,000 తిరిగి రావడానికి పదిహేను నెలలకు పైనే పడుతుంది. మైలేజీ కోసమే అయితే ఇదేమంత గొప్ప పెట్టుబడి కాదని నేను ఒప్పుకుంటాను. ఖర్చుకు అసలు కారణం వేరు. మిస్‌ఫైర్ అయినప్పుడు కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ కరిగి పాడైతే, దాని ధర ఈ 11,000కు ఎన్నో రెట్లు. పోనీ అమ్మేద్దామా అని కూడా చూశాను. చెక్ ఇంజన్ లైటు వెలుగుతున్న బండికి కొనేవాళ్లు తగ్గించి అడిగింది, బాగుచేయించే ఖర్చుకన్నా చాలా ఎక్కువ. చేయించి ఉంచుకోవడమే చవక.

పెట్రోలు ఖర్చు గురించి మాట్లాడుకుంటే మా వైపు యానాం ప్రసక్తి తప్పదు. పుదుచ్చేరి పన్నుల వల్ల అక్కడ లీటరు మనకన్నా పది రూపాయలకు పైగా తక్కువ. 35 లీటర్లు కొట్టిస్తే 350, 400 మిగులుతాయి. పెద్దాపురం నుంచి పోయి రావడానికి 90 కిలోమీటర్లు, దానికి పెట్రోలే 700 దాటుతుంది. ఏదైనా పని మీద అటు వెళ్తే కొట్టించుకోవాలి, పెట్రోలు కోసమే బయల్దేరకూడదు.

మళ్లీ మసి త్వరగా పట్టకుండా నేను చేస్తున్నవి కొద్దే. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు సింథటిక్ ఆయిలే పోయిస్తాను, చిన్న దూరాలే ఎక్కువ కాబట్టి గడువుకు ముందే మారుస్తాను. దానికి అయ్యే అదనపు ఖర్చు ఆ ఖాతాలోంచే. ఆయిల్ ఆవిరిని పట్టే డబ్బా ఒకటి బయట అమ్ముతారు. వారంటీకి అడ్డం రావచ్చు, తరచూ ఒంపుతూ ఉండాలి. నేను పెట్టించలేదు. నెలలో రెండు మూడుసార్లు బజారుకూ స్టేషనుకూ పాత బైకు తీస్తున్నాను.

రోజూ పెద్దాపురం, సామర్లకోట మధ్యే తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. టర్బో లేని మామూలు పోర్టు ఇంజెక్షన్ కారు కొనండి. ఆ వాడకానికి అదే చవక. నెలనెలా దూరాలు వెళ్లేవాళ్లు డైరెక్ట్ ఇంజెక్షన్ కొనుక్కోండి, ఇరవై పైసలు పక్కన పెట్టండి.

ఈ మధ్య మా బడిలో సైన్సు మాస్టారు కాకినాడలో ఒక సెకండ్‌హ్యాండ్ టర్బో చూశారు. 62,000 తిరిగింది. బేరం తేలకముందే అదే మేస్త్రిని పిలిచి కెమెరా దింపించాం. వాల్వులు నావాటిలాగే ఉన్నాయి. ఫోన్లో ఆ బొమ్మ చూపించి మాట్లాడితే అమ్మేవారు 14,000 తగ్గించారు. బండి ఈయన పేరుకు మారింది. ఆ 14,000తో ఆయనా ఒక ఖాతా తెరిచారు. సంక్రాంతి సెలవుల్లో మ్యానిఫోల్డ్ విప్పించుకుంటారు.