మందు కొట్టేశాం డాక్టర్ గారూ

కోకాపేట నుంచి, నల్లగండ్ల నుంచి, తెల్లాపూర్ నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. ముందు మందు కొట్టేస్తారు, తగ్గకపోతే మొక్కల డాక్టరును పిలుస్తారు. అప్పటికే దుకాణంవాడిచ్చిన తెగులు మందు, పురుగుమందు, టానిక్ మూడూ ఒకే డబ్బాలో కలిసి చెట్టు మీద పడి ఉంటాయి. ఇన్నేళ్ళలో ఏ తెగులూ నన్ను ఇంత విసిగించలేదు.

పోయిన వానాకాలంలో నానక్‌రామ్‌గూడలో ఒక విల్లాకి వెళ్ళాను. ఆపిల్ చెట్టు. హైదరాబాద్‌లో ఆపిలేమిటి అనుకోకండి. హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకానికి కొండల చలి అక్కర్లేదు. ఆ కృషికి 2025లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో కేంద్రే బాలాజీ, సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో, 2020 నాటికే ఆపిల్ కాయించారు. ఈ నేల మీద ఆపిల్ బతుకుతుంది, మనం బతకనిస్తే.

ఆ ఇంటాయన చాలాకాలం అమెరికాలో ఉండి వచ్చారు. ఆకులు పసుపెక్కి కొమ్మల చివర్లు ఎండుతుంటే ఇంటర్నెట్‌లో వెతికి, జబ్బు పేరు కూడా తానే తేల్చుకున్నారు. ముందు స్కాబ్ అన్నారు, తర్వాత సీడార్ రస్ట్, చివరికి ఫైర్ బ్లైట్. స్కాబ్‌కు చలీ తడీ రెండూ కావాలి. 1973లో కాశ్మీర్ తోటల్ని నాశనం చేసింది అదే. సీడార్ రస్ట్ ఉత్తర అమెరికా తెగులు. ఇక ఫైర్ బ్లైట్ అనుకుని స్ట్రెప్టోమైసిన్ కలిసిన పొడి కొట్టించారు. క్షయ రోగులకు ప్రాణం పోసిన మందు అది. జబ్బేమిటో తేలకుండా దాన్ని పిల్లలు ఆడుకునే పెరట్లో చల్లితే నాకు కోపం ఆగదు. ఆయన ముఖం మీదే అనేశాను.

ఆకు సంగతి వదిలేసి చెట్టు మొదట్లో కూర్చున్నాను. కాండం దాకా లాన్ పరిచారు. టైమర్ పెట్టిన స్ప్రింక్లర్ వాన కురుస్తున్నా రెండు పూటలా తిరుగుతూనే ఉందట. గడ్డి తీసి తవ్వితే కింద మొరం, సిమెంటు పెళ్ళలు, బండ ముక్కలు. గుట్టల్ని పేల్చి చదును చేసిన చోట నీళ్ళు దిగడానికి దారెక్కడిది? అంటు కట్టిన చోటు జానెడు లోతున పూడిపోయి ఉంది. చాకుతో బెరడు గీరాను. లోపల లేతపచ్చగా ఉండాల్సిన పొర ముదురు గోధుమరంగుకు తిరిగి, వేలికి మెత్తగా తగిలింది. పులిసిన వాసన. గీరిన చోటల్లా అదే రంగు, కాండం చుట్టూ.

మొదలుకుళ్ళు. ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి తెచ్చేది. దాని బీజాలు నిలిచిన నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళి వేళ్ళనూ బెరడునూ పట్టుకుంటాయి. వేరు కుళ్ళితే ఆకుకు నీరందదు. ఆకు వాడిందని మనం ఇంకో బకెట్ పోస్తాం.

"నేనప్పుడే చెప్పిన సార్, నీళ్ళెక్కువైతున్నయని," అన్నాడు పాలమూరు నుంచి వచ్చిన మాలి. ఆ చెట్టును రోజూ తాకి చూసే మనిషి అతనొక్కడే. అతని మాట ఎవరూ వినలేదు. ఇంత చదువుకున్న ఇళ్ళలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఆ చెట్టు దక్కలేదు. కూతురు పుట్టిన ఏడు నాటారట. ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. అప్పటిదాకా కేకలేసినవాణ్ణి, ఆయన పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాను.

ముందే పట్టుకుంటే వైద్యం పెద్దదేం కాదు. మట్టి తీసి అంటు బయటపడేలా చెయ్యండి. గడ్డిని మూడడుగులు వెనక్కి జరపండి. కుళ్ళిన బెరడు గీరేసి బోర్డో పేస్టు పుయ్యండి: 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా అరేసి లీటరు నీళ్ళలో కరిగించి, ప్లాస్టిక్ బకెట్లో కలపాలి, ఇనుప పాత్ర వద్దు. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడిసేలా పొయ్యండి. ఆ తర్వాత నీళ్ళు పెట్టేముందు మట్టిలో వేలు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు మానేయండి.

కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద డ్రమ్ములో ఆపిల్ పెంచుతున్న పెద్దావిడ మాత్రం ఏ మందూ కొట్టకుండానే కబురు చేశారు. "చెట్టు కళ తప్పింది నాయనా, ఏం పోశానో ఏం పాపమో," అన్నారు. డ్రమ్ము అడుగున చిల్లులు మట్టితో పూడుకుపోయాయి. చిల్లులు తెరిచి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, ఇసుకా పశువుల ఎరువూ కలిపిన కొత్త మట్టిలోకి మార్చాం. ఈ ఫిబ్రవరిలో పూసింది. వేరింకా కుదురుకోలేదు కాబట్టి ఈ ఏటికి పిందెలన్నీ తుంచేయమన్నాను. మనవరాలికి చూపించుకుంటాను, రెండు ఉంచుకోనా అని బతిమాలారు. ఒకటి ఉంచుకోమన్నాను.