పుర్జాకూ ఖాందాన్ ఉంటుంది

మన ఇళ్లలో రిష్తా వస్తే ఎంత తహకీఖ్ చేస్తాం! పిల్లగాడి దాదా ఎవరు, నానీ వాళ్లది ఏ ఊరు, దుబాయ్‌లో నిజంగా నౌకరీ ఉందా... ఒక ఖాలా నుంచి ఇంకో ఖాలాకు ఫోన్లు పోతూనే ఉంటాయి. అదే మనిషి, కారు ఖరాబైతే మాత్రం కబాడీ దుకాణంలో "సేమ్ టు సేమ్ భాయ్" అన్న ఒక్క మాటకు జేబు ఖాళీ చేస్తాడు.

ఆత్మకూర్‌లో మా భాంజా టాక్సీ నడుపుతాడు. సెకండ్‌హ్యాండ్ డిజైర్ డీజిల్, కిస్తీలు ఇంకా తీరలేదు. కురుమూర్తి జాతర సవారీలు ఒప్పుకున్న వారంలోనే టర్బో పోయింది. కొత్తది కొనే స్థోమత లేదు. హైదరాబాద్‌లో ఒక దుకాణదారు ఎర్టిగా టర్బో చూపించి "ఇంజన్ ఒకటే, కళ్లు మూసుకుని బిగించుకో" అన్నాడట. వీడు బయానా ఇచ్చేసి నాకు ఫోన్ చేశాడు: "మామూ, సస్తాలో దొరికింది!"

ఆ మాటలో సగం నిజం ఉంది. ముప్పు అక్కడే. రెండు బళ్లదీ ఫియట్ రూపొందించిన 1248 సీసీ డీజిల్ ఇంజనే. టాటా ఇండికా విస్టాలోనూ, ఫియట్ పుంటోలోనూ అదే ఖాందాన్. కానీ డిజైర్‌లో దాని తాకత్ సుమారు 75 హార్స్‌పవర్, అప్పటి ఎర్టిగాలో 90. డిజైర్ టర్బో సాదాది. ఎర్టిగా టర్బో లోపల కదిలే రెక్కలుంటాయి. వాటిని ఎప్పుడు ఎంత తిప్పాలో ఇంజన్ కంప్యూటర్ హుకుం ఇవ్వాలి. డిజైర్ కంప్యూటర్‌కు ఆ జబాన్ రాదు.

ఫోటో చూసి ఆత్మకూర్ ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. "బిగించుడు వేరే, నడుసుడు వేరే సాబ్."

2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. రోడ్డు మీదున్న పాత బళ్లకు పాత పుర్జాలే ఆసరా. కాబట్టి ఈ బేరాలు తప్పవు. ఉస్తాద్ తరీఖా సీదాగా ఉంది: పాత పుర్జా చేత పట్టుకుని పో. దాని మీది నంబరు ఆఖరి అక్షరం దాకా కలవాలి. చాసిస్ నంబరు, మోడల్ సంవత్సరం చీటీ మీద రాసుకో. ఆల్టర్నేటర్ అయితే పుల్లీ, వైరు ప్లగ్గు రెండూ చూడు. ఇంజన్ కంప్యూటర్ తాళంచెవితో జోడై ఉంటుంది, ఊరికే మార్చితే బండి స్టార్ట్ కాదు. పూర్తి ఇంజనే కొంటే దాని నంబరు ఆర్సీలో ఎక్కించాలి, లేకపోతే చోరీ మాల్ అన్న షక్ మన మీదికొస్తుంది. బ్రేకు ప్యాడ్లు, ఎయిర్‌బ్యాగులు పాతవి వద్దే వద్దు. ఈ మాట నాది కూడా, అందులో బేరం లేదు.

బయానా తిరిగి రాలేదు. ఐబ్ దాచి అమ్మే తిజారత్‌లో బర్కత్ ఎక్కడిదని మా ఆపా నాలుగు రోజులు తిట్టింది.

జాతర సవారీలు వేరేవాళ్లకు పోయాయి. పది రోజులకు, యాక్సిడెంటైన ఒక స్విఫ్ట్ నుంచి తీసిన టర్బో, అదే నంబరుది, దొరికింది. ఉస్తాద్ దాని ఇరుసును రెండు వేళ్లతో పట్టి అటూ ఇటూ కదిపి చూశాడు. వెంటనే బిగించలేదు. పాతది మురికి ఆయిల్ వల్లే పోయిందని చెప్పి, ముందు ఆయిల్ పైపు విప్పి కడిగాడు.