మోయగలిగినంత వేట

మా కాపురము నాగోలులో. గడచిన దసరా సెలవులలో మా చిన్నవాడు వెదురుబద్ద వంచి, పురికొస బిగించి విల్లు చేసికొనెను. చీపురుపుల్లలే బాణములుగదా యని మేము నవ్వుకొంటిమిగాని, ఒకదాని కొనకు వాడు సన్నమేకు కట్టుట గమనింపమైతిమి. ఒకనాటి యుదయమున పిట్టగోడపై వ్రాలిన పావురము ఱెక్క వ్రేలవైచి ముంగిట పడెను. కోప మాపుకొనజాలక "చెంచువానివలె నిదేమి పాడుపనిరా!" యని వాని వీపున నొకటి వేసితిమి.

మా అత్తగారి పుట్టినిల్లు అచ్చంపేట ప్రాంతము. ఆమె పావురమును ఒడిలో నుంచుకొని గాయమునకు పసుపద్దుచు, "అమ్మా, బిడ్డను దండింపుము, చెంచువారి నేల యందువు? ఆటకై ప్రాణము తీసిన చెంచును నే నెరుగను" అనెను. మాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి ఆమె తన చిన్ననాటి సంగతులు చెప్పెను. నల్లమల చెంచులకు వెదురు విల్లు, ఇనుప ములికి బాణములు, వెంట కుక్కలు, ఇంతియే వేటసామగ్రి. బరువు మోయ ఎద్దుగాని గాడిదగాని వారివెంట ఆమె చూడలేదట. మృగము కూలినచో మనుష్యుల భుజములే బండి. మోయగలిగినంతయే వేట, తెచ్చినది గూడెమంతయు పంచుకొనవలసినదే. ఆ చెంచుల నడుమ నుండి పరిశీలించి 1943లో గ్రంథము ప్రకటించిన హైమెన్‌డార్ఫ్ పండితుడును, వారి యాహారమున వేటకంటె కందమూలఫలములదే పెద్దపాలని తెలిపెను.

బరువు మోయు పశువులు చేరినచో వేట తీరే వేరు. లంబాడీల పెరికెద్దులు ఉప్పును ధాన్యమును మోసినందుననే పూర్వము సైన్యములు దూరదేశములకు సాగినవి. ప్రభువుల వేటయు నట్టిదే: గుడారములు, వంటపాత్రలు, పరిజనము ఏనుగులమీదను బండ్లమీదను కదలుచుండెను. మోయువారు వేఱైనచో చంపువానికి హద్దేల తోచును? మా నాగోలునకు అనతిదూరముననున్న వనస్థలి యొకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమి. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరమున, 1975లో, అది ఆయన పేర హరిణవనమైనది, 1994లో జాతీయవనమైనది. నేడు కృష్ణజింకలు అచ్చట నిర్భయముగ మేయుచున్నవి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అది తప్పని యనజాలము. జింకలు మిగులుటకు అట్టి కట్టుబాటు వలసినదే. కాని వినోదార్థికి పోయినది వినోదము, చెంచునకు పోయినది కూడు. ఇరువురిని ఒక్కమాటతో నిందించుట న్యాయము కాదని మాకపుడు తెలిసినది.

సోదరీమణులారా, మఱునాడు ఫ్రిజ్జు తెఱచి చూడగా రెండు కట్టల కూర కుళ్లియుండెను. చేసంచితో అంగడికి పోయిననాడు ఇట్లు జరుగలేదు. ఇపుడు సరకు బండిమీద గుమ్మమునకు వచ్చుచున్నది, మా భుజమునకు బరువు తెలియుట లేదు. చెంచువాని నిందించిన నోరు మాదే!

పిల్లవానిని చేరదీసి, "మేమన్న మాట తప్పు, నీవు చేసిన పనియు తప్పు" అని చెప్పితిమి. పావురము తొమ్మిదవనాడు ఎగిరిపోయెను. వాడు నారి విప్పి, ఆ వెదురుబద్దను చిక్కుడుతీగకు ఊతగా పాతినాడు.