నలిగిన అట్టముక్కల వెంట

న్యూయార్క్ నగరంలో పశ్చిమ 25వ వీధిలో మోటారు బళ్ళు నిలుపుకొనే ఖాళీ జాగా ఒకటి ఉంది. శని, ఆదివారాల్లో అక్కడ పాత వస్తువుల సంత వెలుస్తుంది. మూగపోయిన గ్రామఫోనులు, మసిబారిన వెండి చెంచాలు, ఎవరి ఇంటివో తెలియని పెళ్ళి ఛాయాచిత్రాలు బల్లల మీద పరచి ఉంటాయి. ఒక బల్ల చివర, బూట్లు అమ్మే అట్టపెట్టెలో, నేను వెతుకుతున్నవి కనిపించాయి. అవి బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలున్న సిగరెట్టు కార్డులు.

"మంచివి ఆ గాజు పెట్టెలో ఉన్నాయండీ" అన్నాడు వృద్ధుడైన వర్తకుడు.

గాజు పెట్టె ధరలు నా చేతికి అందేవి కావు. అట్టపెట్టెలో నుంచి ఒకటి తీశాను. డెట్రాయిట్ జట్టు ఆటగాడు జార్జ్ మల్లిన్. మూలలు అరిగి గుండ్రబడ్డాయి; ముఖానికి అడ్డంగా ఒక మడత. ధర 40 డాలర్లు. వర్తకుడే దాన్ని తిప్పి, వెనుక జిగురు మచ్చ చూసి, "35 ఇవ్వండి" అన్నాడు.

ఆ కార్డుల శ్రేణిని సేకర్తలు టి-206 అంటారు. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్టు పెట్టెల్లో వీటిని ఉంచింది. ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర అంగుళాల వెడల్పు. బొమ్మలు అయిదు వందలకు పైమాటే. పొగ తాగేవారు పెద్దలు, కార్డులు కోరేవారు పిల్లలు. దుకాణాల ముందు కాపువేసి, వచ్చేపోయేవారిని అడిగి తీసుకునేవారు. మన వీధుల్లో అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసిన పిల్లలకు ఈ వ్యవహారం వివరించనక్కరలేదు. జేబులో కుక్కారు, గోడకేసి విసిరి పందెమాడారు, పుస్తకాల్లో అంటించారు. నూరేళ్ళ పైబడిన కార్డు మూలలు వాడిగా మిగిలిందంటే, దానితో ఏ పిల్లవాడూ ఆడుకోలేదని నాకు అనుమానం.

బజారు లెక్క వేరు. ఒకటి మొదలు పది వరకు అంకెలు వేసి, కార్డును ప్లాస్టిక్ పలకలో బిగించే సంస్థలున్నాయి. ఈ శ్రేణిలో అరుదైన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది. అదే ఏడాది వాగ్నర్ కార్డు సగం ముక్క కూడా నాలుగున్నర లక్షల డాలర్లు దాటింది. అందరూ ఎరిగిన ఈ వాగ్నర్‌ను పక్కన పెడితే, సాధారణ ఆటగాళ్ళ నలిగిన కార్డులు మాత్రం ఇప్పటికీ కొన్ని పదుల డాలర్లకు దొరుకుతున్నాయి. మావంటివారి సేకరణ అక్కడే.

మరునాడు అయిదవ అవెన్యూలోని మెట్రొపాలిటన్ మ్యూజియంకు వెళ్ళాను. ప్రవేశ రుసుము 30 డాలర్లు. దాదాపు మల్లిన్ వెల! అక్కడి అమెరికన్ విభాగంలో పాత బేస్‌బాల్ కార్డులను కొద్దికొద్దిగా, వంతులవారీగా ప్రదర్శిస్తారు. అవి జెఫర్సన్ బర్డిక్ ఇచ్చినవి.

బర్డిక్ ధనికుడు కాడు. సిరక్యూస్ పట్టణంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనివాడు. కీళ్ళవాతం అతని చేతులను వంకరలు తిప్పింది. కార్డులను ఎవరూ పట్టించుకోని రోజుల్లో చిల్లర డబ్బులతో కొని, అన్నిటినీ వర్గీకరించి పట్టిక అచ్చువేశాడు. టి-206 అన్న పేరు ఆ పట్టికలోదే. పెద్ద జట్ల ఆట ఒక్కటి కూడా కళ్ళారా చూడలేదంటారు!

1947లో తన సంపదనంతా మ్యూజియంకు ఇవ్వజూపాడు. ముద్రిత చిత్రాల విభాగాధిపతి హయట్ మేయర్ అంగీకరించాడు గాని, అమర్చే బాధ్యత అతనికే వదిలాడు. 1959లో బర్డిక్ న్యూయార్క్‌కు మకాం మార్చాడు. మూడు లక్షలకు పైగా వస్తువులు. వాటిలో బేస్‌బాల్ కార్డులే ముప్పైవేలు. వేళ్ళు సహకరించకున్నా ఒక్కొక్కటే ఆల్బములలో అంటించాడు. 1963 జనవరి 10న చివరిది అంటించి, మరునాడు ఆసుపత్రిలో చేరాడు. రెండు నెలలకు కన్నుమూశాడు.

అంటించాడు, జిగురుతో! నేటి సేకర్త వింటే గుండె పట్టుకుంటాడు. వెల సగానికి పైగా పోయే పని అది. కాని ఆల్బములలో అంటుకున్నందువల్లనే ఆ కార్డులు చెల్లాచెదురు కాలేదేమో అనిపించింది.

అద్దం ముందు నిలబడి డైరీలోంచి మల్లిన్‌ను తీశాను. వెనుక నీలిరంగు ప్రకటన మధ్య కాగితం లేచిపోయి, గోధుమరంగు మచ్చ. ఎవరో కుర్రవాడు పుస్తకంలో అంటించి ఉంటాడు, తర్వాతెవరో ఊడబెరికారు. నాకు 5 డాలర్లు తగ్గింది ఆ మచ్చ పుణ్యానే.