బెల్లం ఊళ్లో మూడు ప్రీయాంపులు

అనకాపల్లి వెళ్తున్నానంటే ఎవరైనా ముందు అడిగేది ‘వచ్చేటప్పుడు బెల్లం తెస్తావా?’ అనే. నేను ఈసారి వెళ్లింది మాత్రం ఒక డబ్బా సంగతి తేల్చడానికి. గిటార్ యాంప్ ముందు పెట్టే మైక్‌కీ, రికార్డ్ చేసే ల్యాప్‌టాప్‌కీ మధ్యలో ఉండే డబ్బా అది. పేరు మైక్ ప్రీయాంప్. ఐదు వేలకీ దొరుకుతుంది, రెండు లక్షలకీ దొరుకుతుంది. ఆ తేడా మన చెవికి నిజంగా వినిపిస్తుందా? ఇదీ ప్రశ్న.

విశాఖ నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద 30 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే అనకాపల్లి. శారదా నది ఒడ్డున ఉన్న ఈ పాత వ్యాపారాల ఊరు, 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. నేను వెళ్లింది ఫిబ్రవరిలో. బెల్లం సీజన్ మంచి జోరు మీదుంది. లారీలు, ఆటోలు, పచ్చి బెల్లం వాసన. బస్సు దిగేసరికే ఆకలేసింది.

మా ఫ్రెండు ఉండేది ఓ పాత పెంకుటింట్లో. ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు. కొత్త అమావాస్యతో మొదలై నెల రోజులు సాగే నూకాలమ్మ జాతర వాడికి పంట కోతల కాలం లాంటిది. రెండు జాతరల్లో దాచుకున్న డబ్బు 60 వేలు. ఈ మధ్య ఇంకో దారి దొరికింది. ఇంట్లోనే గిటార్ ట్రాక్‌లు రికార్డ్ చేసి పంపడం. మొదటి పాట విన్న మ్యూజిక్ డైరెక్టర్ ‘వాయింపు బావుంది, సౌండే పల్చగా, డబ్బాలో వాయించినట్టుంది. మంచి ప్రీయాంప్ కొనుక్కో’ అన్నాడట. అంతే, మావాడు ఓ సెకండ్ హ్యాండ్ ప్రీయాంప్ బేరమాడేశాడు. సరిగ్గా 60 వేలు. అమ్మే అతను ఆదివారం దాకా ఆగుతానన్నాడు. వాళ్లమ్మ లెక్క వేరు. వానలొచ్చేలోపు ఆ డబ్బుతో ఇంటి పెంకులు మార్పించాలని.

అందుకే విశాఖలో తెలిసినవాళ్ల దగ్గర రెండు ప్రీయాంపులు అరువు తీసుకుని శుక్రవారం బస్సెక్కాను. కొనే ముందు ఒకసారి పక్కపక్కన పెట్టి విందాం అని.

ఇంతకీ అది చేసే పనేంటి?

యాంప్ ముందు పెట్టే మైక్‌లలో అందరికీ తెలిసింది షూర్ ఎస్‌ఎం57. 1965 నుంచీ ఉంది. ఇలాంటి మైక్‌లోంచి వచ్చే కరెంటు చాలా చిన్నది. శబ్దం 94 డెసిబెల్స్ ఉంటే రెండు మిల్లీవోల్టులు కూడా రాదు. దాన్ని రికార్డింగ్‌కి సరిపడేంత పెంచేదే ప్రీయాంప్. ప్రతి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లోనూ ఒకటో రెండో లోపలే ఉంటాయి. విడిగా అమ్మేవి స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం, ఉన్నదాన్ని ఉన్నట్టు పెంచేది. రెండో రకం, పెంచుతూ తన సొంత రంగు కాస్త కలిపేది. రంగు కలిపేవాటిలో పెద్దన్న 1970లో ఇంగ్లండ్‌లో వచ్చిన నీవ్ 1073. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్లదే ఆ రంగులో పెద్ద వాటా. ఇప్పటికీ దాని నమూనాలో బోలెడు కంపెనీలు తయారుచేస్తున్నాయి. మావాడు బేరమాడిందీ అలాంటిదే. నేను తెచ్చినవాటిలో ఒకటి ఆ రకం, ఇంకోటి రంగు లేని రకం. మూడోది వాడి దగ్గరున్న మామూలు ఇంటర్‌ఫేస్.

రంగు అనగానే గుర్తొచ్చింది. శనివారం పొద్దున్నే మావాడు నన్ను బెల్లం మార్కెట్‌కి తీసుకెళ్లాడు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. వరసలుగా పేర్చిన దిమ్మలు. మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని ధరలు. బంగారు రంగులో మెరిసేదానికి ఎక్కువ, నల్లగా ఉన్నదానికి తక్కువ. ఆ మెరుపు కోసం కొందరు వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. ‘మరి రుచి?’ అని అడిగాను. అక్కడున్న పెద్దాయన నవ్వాడు. ‘రంగు సూసి కొంటారు బాబూ. రుసి ఇంటికెళ్లాక తెలుస్తాది.’

కళ్లు మూసుకుని వినాలి

రెండు ప్రీయాంపులు పోల్చాలంటే మొదటి చిక్కు మనిషే. ఒకే ముక్కని రెండుసార్లు అచ్చం ఒకేలా ఎవరూ వాయించలేరు. అందుకని గిటార్‌ని ముందు నేరుగా ల్యాప్‌టాప్‌లోకి రికార్డ్ చేశాం. ఆ రికార్డింగ్‌నే రీయాంప్ బాక్స్ అనే చిన్న పెట్టె ద్వారా మళ్లీ యాంప్‌కి పంపాం. 20 సెకన్ల ముక్క. చెయ్యి మారదు, యాంప్ మారదు, మైక్ కదలదు. కేబుల్ ఒక్కటే ఒక ప్రీయాంప్‌లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టడం.

రెండో చిక్కు వాల్యూమ్. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఒకే సౌండ్‌ని కొంచెం పెంచి వినిపిస్తే మన చెవి ‘ఇదే బావుంది’ అనేస్తుంది. యూట్యూబ్‌లో చాలా పోలికలు బోల్తా కొట్టేది ఇక్కడే. మేం 1000 హెర్ట్జ్ టోన్ ఒకటి పంపి, మీటర్ చూసుకుంటూ మూడింటినీ ఒకే లెవెల్‌కి తెచ్చాం.

మూడో చిక్కు, ధర తెలిసిపోవడం. ఏది ఖరీదైందో తెలిస్తే చెవి దాని వైపే మొగ్గుతుంది. ఫైళ్ల పేర్లు మార్చే పని వాళ్ల చెల్లికి అప్పజెప్పాం. ఆ అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పేర్ల చీటీ దాచేసుకుని, పరీక్ష పెట్టే లెక్చరర్‌లా కూర్చుంది.

ముందు డిస్టార్షన్ లేని మామూలు టోన్. ఇంటర్‌ఫేస్‌దీ, 1073 రకానిదీ మార్చి మార్చి పదిసార్లు వినిపించింది. మావాడు సరిగ్గా చెప్పింది ఆరు. బొమ్మా బొరుసూ వేసినా ఇంచుమించు అంతే వస్తుంది. రంగు లేని రకంతోనూ అదే కథ. నాకూ అంతే.

తర్వాత 1073 రకంలో గెయిన్ బాగా పెంచి, అవుట్‌పుట్ తగ్గించి, దాన్ని కాస్త కష్టపెట్టి చూశాం. ఈసారి తొమ్మిది. తేడా ఉంది, లేదనను. కింది తీగలు కొంచెం బొద్దుగా, పిక్ తగిలే చప్పుడు కొంచెం మెత్తగా. కానీ బేస్, డ్రమ్స్, కీబోర్డ్ ఉన్న పాటలో కలిపేసరికి ఇద్దరం మళ్లీ తికమకపడ్డాం.

వంటింట్లోంచి వాళ్లమ్మ అంది: ‘ఏటి నాయినా, పొద్దున్నుంచీ అదే ముక్క వాయిస్తన్నారు?’

కారణం ఆలోచిస్తే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గట్టిగా మోగే స్పీకర్‌కి ఆనించినట్టు మైక్ పెడితే 114 డెసిబెల్స్ దాకా వెళ్లడం మామూలే. అంటే 94 దగ్గర వచ్చినదానికి పదింతలు కరెంటు. ప్రీయాంప్ పెద్దగా కష్టపడక్కర్లేదు, కాబట్టి చవకదాని నాయిస్ కూడా బయటపడదు. పైగా గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. ఖరీదైన ప్రీయాంప్ పైస్థాయిలో చూపించే సొగసుకి అక్కడ సరుకే ఉండదు.

ఇంకోటి కూడా తేలింది. మూడింటిలోనూ అడుగున సన్నగా ఒకే ‘మ్‌మ్‌’ చప్పుడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, అదే. సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే గదిలో త్రీపిన్ సాకెట్‌కి ఎర్త్ వైరు వదులైపోయి ఉంది. బిగించాక చాలావరకు పోయింది. ఖర్చు 450 రూపాయలు.

కొండ చెప్పిన మాట

హమ్ పోయినా ఆ ‘డబ్బా సౌండ్’ మాత్రం అలాగే ఉంది. ఆదివారం తెల్లారకముందే బుర్ర చల్లబడుతుందని బొజ్జన్నకొండకి బయల్దేరాం. ఊరికి దగ్గర్లోనే, శంకరం గ్రామంలో ఉంటుంది. బుద్ధన్న కొండే వాడుకలో బొజ్జన్నకొండ అయిందంటారు. 1906లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. కొండలో తొలిచిన గుహలు, రాతిలోనే చెక్కిన బుద్ధుడు. పక్కనే లింగాలకొండ. అక్కడి రాతి స్తూపాలు వరసలుగా లింగాల్లా కనిపిస్తాయి, అందుకే ఆ పేరు. చుట్టూ పచ్చటి పొలాలు. అనకాపల్లి వెళ్లి ఇది చూడకుండా రాకండి.

పైన ఆరుబయట మావాడు చిన్నగా చప్పట్లు కొట్టాడు. చప్పుడు అలా గాలిలో కలిసిపోయింది. రాతి గదిలోకి వెళ్లి మళ్లీ కొట్టాడు. చుట్టూ గోడలు దాన్ని పట్టుకుని తిరిగిచ్చేశాయి. నా వైపు చూసి, ‘ఒరే, ఇది మా గది సౌండే!’ అన్నాడు.

నిజమే. వాడి గది ఖాళీ గోడలు, నున్నటి గచ్చు. యాంప్ నేల మీద, మైక్ మూరెడు దూరంలో. మైక్ వింటున్నది సగం స్పీకర్‌ని, సగం గోడల్ని.

ఇంటికొచ్చి యాంప్‌ని స్టూల్ మీదికెక్కించాం. గోడలకి రెండు పాత బొంతలు వేలాడదీశాం. మైక్‌ని స్పీకర్ గుడ్డకి రెండు వేళ్ల దూరానికి జరిపాం. ఇక అసలు ఆట మొదలు. స్పీకర్ నడిమధ్య ఉండే గుండ్రటి టోపీకి ఎదురుగా పెడితే సౌండ్ చురుగ్గా, గుచ్చుకునేలా ఉంటుంది. అక్కణ్నుంచి అంచు వైపు జరిపేకొద్దీ నిండుగా, మెత్తగా మారుతుంది. అంగుళం చాలు. టోపీ అంచు దాటిన చోట ఒకటి రికార్డ్ చేసి, పాతదాన్నీ దీన్నీ ఒకే లెవెల్‌లో బయటి స్పీకర్లలో వినిపించాం. ఇంటర్‌ఫేస్ లోపలున్న ప్రీయాంప్‌తోనే. ఎవరూ అడక్కుండానే వంటింట్లోంచి మాటొచ్చింది: ‘ఇప్పుడేటి, గొంతు మారింది?’

పదికి పది అంటే అదీ.

మరి ప్రీయాంప్ దండగేనా?

కాదు. మెల్లగా పాడే గొంతుకి, దూరంగా మైక్ పెట్టి తీసే వీణకి, చాలా తక్కువ కరెంటిచ్చే రిబ్బన్ మైక్‌లకి గెయిన్ బాగా కావాలి. అక్కడ నాయిస్ తక్కువున్న ప్రీయాంప్ విలువేంటో తెలుస్తుంది. మైక్‌కీ ప్రీయాంప్‌కీ జోడీ కుదరడం కూడా ఓ సంగతి. 1073లో ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 1200, 300 ఓమ్స్ అని రెండు రకాలుగా మార్చుకోవచ్చు. ఎస్‌ఎం57 లాంటి మైక్ ఆ మార్పుకి కొంచెం రంగు మారుస్తుంది. పెద్ద స్టూడియోలో పాటకి 40 ట్రాక్‌లు ఒకే రకం ప్రీయాంప్‌లోంచి వెళ్తే ఆ చిన్న చిన్న రంగులు పోగై వినిపిస్తాయి. కానీ ఒక గది, ఒక యాంప్, ఒక మైక్ ఉన్న కుర్రాడికి అది చిట్టచివరి మెట్టు.

చిన్న ఊళ్లలో వాయించే మనవాళ్లు చాలామందికి ఓ బెంగ ఉంటుంది. ‘సామాను లేక వెనకబడ్డాం’ అని. సామాను అమ్మేవాళ్లకి ఆ బెంగే పెట్టుబడి. కొనే ముందు ఈ వరస ఒకసారి చూడండి. వేళ్లు, తీగలు, యాంప్ సెట్టింగులు, గది, ఎర్త్, మైక్ పెట్టే చోటు. ఇవన్నీ అయ్యాక కూడా ఏదో తక్కువైందనిపిస్తే అప్పుడు ప్రీయాంప్. అదీ అరువు తెచ్చుకుని, లెవెల్ సమానం చేసి, పేర్లు దాచి విన్నాకే.

ఆదివారం సాయంత్రం మావాడు అమ్మే అతనికి ఫోన్ చేసి వద్దని చెప్పాడు. రాత్రికి అదే పాట కొత్తగా రికార్డ్ చేసి పంపాడు. మర్నాడు జవాబొచ్చింది. సౌండ్ గురించి ఒక్క ముక్క లేదు. ‘ఇంకో రెండు పాటలు పంపుతున్నా, గురువారంలోపు కావాలి’ అని మాత్రం ఉంది. పెంకుల మేస్త్రీ కూడా అదే వారం వస్తానన్నాడట. ఆ రెండు రోజులు గదిలో సుత్తి చప్పుడే కాబట్టి, బుధవారంలోపే వాయించేయాలని మావాడి హడావుడి.

నేను వచ్చేటప్పుడు బెల్లం కొన్నాను. నల్లటిదే. మీరు వెళ్తే ఓ చిన్న ముక్క నోట్లో వేసుకుని చూసి మరీ కొనండి.